గంజాము తెలుగువారి వనభోజనములు

కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను పొయ్యి పెట్టి, వండినది దైవమునకు నివేదించి, బంధువులందరును కూడి భుజించుట తెలుగువారి యాచారము. ఇది తెలుగునాట నంతట నున్నదే. అయినను బరంపురము, ఛత్రపురము, పర్లాకిమిడి ప్రాంతములందు తరతరములుగా కాపురమున్న మన కుటుంబములలో దీనికి వేరొక చరిత్ర కలదు. మనవారు కొందరు దీనిని కేవలము తిండికి సంబంధించిన వేడుకగా నెంచుచున్నారు గనుక, ఆ చరిత్రను కొంత వ్రాయుచున్నాను.

మా మాతామహి చెప్పిన దానినిబట్టి, తొలిరోజులలో వనభోజనమునకు ఎంతదూరము పోవలెనో ఎద్దులే నిర్ణయించెడివి. కోడికూతకు గూడుబండి కట్టి, దీపములు పెట్టు వేళకు ఇల్లు చేరవలెను. కావున ఊరికి సమీపమున నున్న మామిడితోపుగాని, ఋషికుల్య యొడ్డునగాని దిగుటయే సంప్రదాయము. తోపులో ఉసిరిచెట్టు లేకున్న ఒక కొమ్మయైనను తెచ్చి నాటి, దానికి పసుపుకుంకుమలు పెట్టెడివారు. 1893 మొదలు 1896 లోపల బెజవాడ నుండి కటకము వరకు రైలుమార్గము వేయబడుటతో ఈ హద్దు చెరిగినది. ఉదయమున బరంపురములో బండి యెక్కినవారు రంభలో దిగి, చిలక సరస్సును చూచి, సాయంకాలమునకు తిరిగి వచ్చుటకు వీలు కలిగెను. పర్లాకిమిడివారికి 1900లో నౌపడ నుండి చిన్నపట్టాల రైలు వచ్చినది. దాని నడక మనుష్యుని నడకకంటె మేలా యని వేళాకోళమాడువారు గలరు గాని, పిల్లలకు అంత ప్రియమైన వాహనము మరొకటి లేదు. 2004లో ఆ చిన్నబండి ఆగిపోయెను. పెద్దపట్టాలు వేసిన పిదప మరల రైలు నడుచుచున్నను, మహేంద్రతనయ యొడ్డున వంట చేసికొనుటకు వెళ్లిన పెద్దలు నేటికిని ఆ చిన్నబండినే తలంతురు.

గోపాలపురము ముచ్చట వేరు. నేడది స్నానములకును విహారమునకును ప్రసిద్ధమైన సముద్రతీరము. పూర్వమది రేవు. మన ప్రాంతపు తెలుగువారును ఓఢ్రులును వేలకొలది అచ్చటనే స్టీమరెక్కి కూలికిని కొలువులకును రంగూను పోయిరి. ఓడ ఒడ్డునకు రాదు. దూరముగా లంగరు వేసి నిలుచును. అలలను దాటి పడవలలో పోయి ఎక్కవలెను. పోవువానిని సాగనంపుటకు ఇంటిల్లిపాదియు చద్దిమూటలతో వచ్చి, పడవ కదలువరకు ఇసుకలో కూర్చుండెడివారట. 1942లో రంగూను జపానువారి వశమగుటతో ఆ ప్రయాణములు నిలిచెను. కాని గోపాలపురమునకు పోయి ఒకదినము కూర్చుండి వచ్చు అలవాటు మాత్రము మాబోటి యిండ్లలో నిలిచిపోయినది. మా మాతామహి అచ్చట ఏనాడును నవ్వుచు భుజించుట నేను చూడలేదు. ఆమె యన్నగారు పోయిన దారి యది.

ఇక ముఖ్యమైన మాట. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురము అటు చేరినది. ఇచ్ఛాపురము మద్రాసునందే నిలిచినది. రెండూళ్ల నడుమ దూరము బండిదారిలో ఒకపూట ప్రయాణము. ఆడపడుచులు అటు, పుట్టినిండ్లు ఇటు. క్రమముగా పిల్లల చదువులు వేరైనవి. ఇటు ఓఢ్రము, అటు తెలుగు. వేలువిడిచిన అన్నదమ్ముల బిడ్డలు ఒకరి కొకరు ఉత్తరము వ్రాయవలెనన్న తడుముకొను స్థితి వచ్చినది. అట్టికాలమున మా పెద్దలు చేసిన యుపాయము మిక్కిలి సులభమైనది: ప్రతికార్తికమున రెండవ ఆదివారము, ఎవరి పిలుపునకును ఎదురుచూడక, ఇరువైపులవారును ఒకచోట కలియవలెను. తిథి చూచుట లేదు, ముహూర్తము లేదు. పెండ్లికి పిలుపు రాలేదని అలిగినవారును దీనికి వచ్చితీరవలెను. పండుగలు ఎవరి యింట వారు చేసికొందురు. పెండ్లిండ్లు ఎప్పుడో గాని రావు. ఏటేట తప్పక వచ్చునది ఇది యొక్కటియే. అందుచేతనే ఈ యాచారము మనవారి నడుమ ఇంత గట్టిగా వేరూనినదని నా నమ్మకము.

మన యిరుగుపొరుగు ఓఢ్రులకును కార్తికము పవిత్రమే. శుద్ధనవమిని వారు ఉసిరినవమి యందురు. ఆనాడు సాక్షిగోపాలమున రాధాదేవి పాదదర్శనమునకు జనము విరగబడి పోవుదురు. మాసాంతమున ఐదుదినములను పంచకమని, మాంసాహారులు సైతము మత్స్యమాంసములు ముట్టరు. వారును వణభోజి యనుమాట వాడుదురు గాని, అది చలికాలపు వినోదము; మాంసము వండుటకు అడ్డులేదు. మన యువకులు ఈ రెంటిని కలిపివేసి, కార్తికము దాటిన పిదప ఎప్పుడో ఒక సెలవునాడు పోయి దానినే వనభోజన మనుచున్నారు. పోవుటను నేను కాదనను. పేరు మాత్రము వేరుగా నుంచిన బాగుండును.

వంట విషయమున ఒకటి చెప్పవలెను. ఆవపిండి పెట్టిన పులిహోర, కందాబచ్చలి, గుమ్మడికాయ దప్పళము, ఇవి ఇంటినుండి వండి తెచ్చునవి కావు. అచ్చటనే పొయ్యి రాజేసి వండినప్పుడు మగవారు నీరు మోయుదురు, పిల్లలు పుల్లలేరుదురు, క్రొత్తకోడలు పెద్దత్తగారి చేతివాటము నేర్చుకొనును. నేడు బస్సు మాటలాడుకొని, హోటలు పొట్లములతో మూడువందలమంది కలిసి పోవు పద్ధతి వచ్చినది. మైకు ఉండును, పోటీలుండును, బహుమతులుండును. సంఘములు పడు శ్రమను నేను తక్కువ చేయను. అయితే తిరిగి వచ్చిన పిల్లవానిని నీ పినతాతగారి పేరేమని అడిగిన చెప్పలేడు.

స్థలమును మార్చుచుండుట మంచిది. తప్తపానిలో వేడినీటి యూట గలదు. తారాతారిణి కొండపైనుండి ఋషికుల్య వంపు కన్నులపండువుగా నుండును. పురుషోత్తమపురమునకు సమీపమున జౌగడలో అశోకుని శాసనములు బండపై చెక్కబడియున్నవి. కళింగయుద్ధమున జరిగిన ప్రాణనష్టమునకు చింతిల్లుచు ఆ చక్రవర్తి వ్రాయించిన పదుమూడవ శాసనము ఇతరస్థలముల నున్నది గాని, కళింగదేశమందలి ఈ బండపై లేదు. ఓడినవారి కన్నులయెదుట దానిని చెక్కింపలేదు కాబోలు. మా పిల్లలు దీనినిగూర్చి భోజనమైన తరువాత గంటసేపు వాదించిరి, తెలుగులోనే వాదించిరి.

మా యింట సామానుల పట్టీ వ్రాయుపని చిన్నపిల్లలది. గంగాళము, గరిటెలు, అరటియాకులు, బెల్లము, అగ్గిపెట్టె అని తెలుగున వ్రాయవలెను. పట్టీలో లేనిది బండి యెక్కదు. సంవత్సరమంతటిలో వారు తెలుగు అక్షరములు వ్రాయు దినము ఇదియే యనిన అతిశయోక్తి కాదు. గడచిన కార్తికమున మా మనుమరాలు ఉప్పు వ్రాయుట మరచినది. నియమము ప్రకారము ఉప్పు పోలేదు. ప్రక్కతోపులో దిగిన యొక ఓఢ్ర కుటుంబమువారు ఇచ్చిరి. ఈ యేడు పట్టీ తానే మరల వ్రాసెదనని ఆమె ఆశ్వయుజముననే పుస్తకము పుచ్చుకొని కూర్చున్నది.