మంచులో నిలిచిన బంగీ



మన పెద్దలు పార్సెలును ‘బంగీ’ యని పిలిచెడివారు. నేటి పిల్లలకు ఆ మాట తెలియదు. హిందూస్థానీ భాషలో బహంగీ యనగా కావడి. కంపెనీవారి దొరతనమున ఉత్తరముల టపా వేఱు, బంగీ టపా వేఱు. ఉత్తరముల సంచి పట్టినవాడు తేలికగా పరుగెత్తిపోవును. కావడిబద్దకు మూటలు కట్టుకొని బంగీ మోయువాడు వెనుకబడి వచ్చును. కావున ఆలస్యమన్నది బంగీకి పుట్టుకతో వచ్చిన గుణమని చెప్పినను తప్పు లేదు. ఈ జ్ఞానము నాకు మొదటనే యున్నచో, 2022వ సంవత్సరము డిసెంబరు నెలలో నేనంత చిందులు త్రొక్కియుండను.

మా అమ్మాయి అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి బఫెలో నగరమున కాపురమున్నది. ఆ నగరము ఈరీ యను పెద్ద సరస్సు తూర్పుకొనను ఉన్నది. అప్పుడామెకు ఏడవ నెల. అచ్చటి తెలుగువారు నలుగురు కూడి డిసెంబరు 26వ తేదీని ఆమెకు గాజులు తొడుగుదమని నిశ్చయించిరి. ధనుర్మాసమున నీ వేడుక యేమని మా ఇంటామె సందేహించెను గాని, క్రిస్మసు సెలవులు మన పంచాంగమును చూచి రావు గదా! పుట్టినింటి గాజులు పోకున్న బాగుండదని నాలుగు డజనుల మట్టిగాజులు, పసుపు కుంకుమలు, ఒక చీర, ఆమె స్వహస్తములతో వండిన అరిసెలు, సున్నుండలు పెట్టెకెత్తితిమి. చలిమిడి నిలువ యుండదు గావున అమ్మాయి అచ్చటనే చేసికొందునన్నది. డిసెంబరు 5వ తేదీని మా పట్టణములోని యొక బంగీ దుకాణమున ఆ పెట్టె నిచ్చితిని. పది దినములలో చేరునని వారు మాట యిచ్చిరి.

పది దినములు గడచెను. పదునైదు గడచెను. సెల్‌ఫోనులో పెట్టె జాడ చూచుకొను సౌకర్యమొకటి యున్నది. అది సౌకర్యమో, మనస్సునకు పెట్టిన వాతయో నేను చెప్పజాలను. ప్రొద్దున చూచిన ‘మార్గమున నున్నది’ అనును. మాపు చూచినను ఆ మాటయే. 22వ తేదీని బఫెలో దాపున నొక గిడ్డంగి చేరినట్లు తెలిసినది. ఇక నేమి, రేపో మాపో యనుకొంటిమి. 23, 24, 25 తేదీలలో పెట్టె కదలలేదు. నేను దుకాణమునకు పోయి అచ్చటి గుమాస్తాను నిలదీసితిని. ఆ కుఱ్ఱవాడు వినయముగనే, “మాస్టారూ, అక్కడ మంచు పడుతోందటండీ” అనెను. “మంచు పడితే బండి నడవదుటయ్యా? మార్గశిరంలో మన ఊళ్ళో పడటం లేదూ?” అని పదిమందిలో కేకలు వేసితిని. ఆ మాట తలచుకొన్న నాకిప్పటికిని సిగ్గగును.

లోపము మన భాషలోను కొంత యున్నది. తెల్లవారుజామున గడ్డిపై నిలిచి ప్రొద్దెక్కగనే యారిపోవునదియు మనకు మంచే, మనిషిని నిలువున కప్పివేయునదియు మంచే. ఆ నెల 23వ తేదీని సరస్సుమీదుగా లేచిన గాలివాన బఫెలోను ముప్పది గంటలకు పైగా విడువలేదు. ఎదుట చాచిన చేయి కనబడని తెల్లని చీకటి. నాలుగు దినములలో విమానాశ్రయమువద్ద నాలుగడుగులకు మించి మంచు పడెను. గాలి దానిని ఊడ్చి ఇండ్లగోడలకు వాములుగా పోసినది. విమానములు 28వ తేదీవఱకు దిగలేదు. బండ్లు వీధికి రాగూడదని ప్రభుత్వము శాసించెను. ఆ జిల్లాలో నలువదిమందికి పైగా చనిపోయిరి. అందు కొందఱు తమ కార్లలోనే, కొందఱు వీధులలోనే పోయిరి. సాయము వచ్చులోపల ఇంటనే ప్రాణము విడిచినవారును గలరు.

25వ తేదీ రాత్రి అమ్మాయి ఫోనులో దొరకినది. నా నోట వచ్చిన మొదటి మాట, “పెట్టె చేరిందా?” ఆమె కొంచెము సేపు మాటాడలేదు. పిమ్మట, “నాన్నా, తలుపు తెరుచుకోవటం లేదు. మా సందు మొదట్లో అంబులెన్సే కూరుకుపోయి నిన్నటినుంచి అక్కడే ఉంది” అనెను. ఏడు నెలల గర్భిణి. ఆ మాట విన్నపిమ్మట మా ఇంటామె దేవునిముందు దీపము వెలిగించి కూర్చుండినది. నేను ఫోనులో పెట్టె జాడ వెదకుట మానితిని. నిద్ర రాలేదు. ఆ రాత్రియు, తరువాతి రాత్రులును, మంచులో టపా మోసినవారి చరిత్రమును చదువుచు గడపితిని. అందుండి కొంత నేడు మీకు విన్నవింతును.

ఇంగ్లండు దేశమున 1784వ సంవత్సరము ఆగష్టు 2వ తేదీని జాన్ పామరు అనునతడు ఉత్తరములకు గుఱ్ఱపుబండి టపా నేర్పఱచెను. మొదటి బండి సాయంకాలము నాలుగు గంటలకు బ్రిస్టలు విడిచి మఱునాటి యుదయము ఎనిమిదింటికి లండను చేరెను. బండివెంట సాయుధుడగు గార్డొకడుండును. వానికి తుపాకి, కొమ్ముబూర, తాళము వేసిన పెట్టెలో నొక గడియారము నిచ్చెడివారు. తన యిష్టము వచ్చినట్లు కాలమును త్రిప్పుకొనకుండుటకై ఆ తాళము. జీతము వారమునకు పదిన్నర షిల్లింగులు. బండి విఱిగినను, గుఱ్ఱము చచ్చినను సంచి ముందుకు పోవలసినదే యన్నది వాని ధర్మము. ఉత్తరములే ఈ బండ్లలో పోయెడివి. పెద్ద మూటలు, పండుగకు పంపుకొను బాతులు, టర్కీకోళ్లు మొదలగునవి ప్రయివేటు బండ్లలో పోవలసియుండెను. క్రిస్మసు ముందు నారిచ్ పట్టణపు బండ్లలో మనుష్యులకు చోటుండెడిది కాదు. కోళ్లను పంపిన కిరాయి యెక్కువ వచ్చును గావున బండివారు ప్రయాణికులకు బదులు టర్కీకోళ్లనే నింపుకొని లండను తోలెడివారు. పండుగ సరుకు ముందు, మనిషి వెనుక! ఈ నీతి నేటిది కాదన్నమాట.

1836వ సంవత్సరము క్రిస్మసు రాత్రి ఆ దేశమున మంచు పట్టెను. గాలి తోడై కొన్నిచోట్ల ఇరువదియడుగుల కుప్పలు పడెను. మఱునాడు 14 టపాబండ్లను దారిలోనే విడువవలసి వచ్చినది. లండనుకు నలుప్రక్కల దారులు మూతపడెను. గార్డులు బండి విడిచి గుఱ్ఱమెక్కి, గుఱ్ఱము పోలేనిచోట నడచి, సంచులను మోసిరి. నూతన సంవత్సరమునకై పంపుకొన్న కానుకల మూటలు సత్రముల పెరళ్లలో పడియుండెను. వానికొఱకు సణిగినవారును, పత్రికలకు వ్రాసినవారును ఉండియే యుందురు. కాని 27వ తేదీ యుదయమున దక్షిణపు తీరమునకు దగ్గఱనున్న లూయిస్ పట్టణమున కొండకొమ్మున పేరుకొన్న మంచు విఱిగి, క్రింద నున్న బీదవారి గుడిసెల వరుసపై పడెను. ఎనమండుగురు చనిపోయిరి. ఆ తావున నేడొక పానశాల యున్నది; మంచుతునుక వంటి యొక తెల్లని పూవుపేరు దానికి పెట్టిరి. త్రాగువారిలో నెందఱు దాని సంగతి తెలిసి త్రాగుదురో!

దీనికి ఐదేండ్లకు పూర్వము స్కాట్లండులో జరిగినది నన్నింకను బాధించినది. 1831 ఫిబ్రవరి 1వ తేదీని డంఫ్రీసునుండి ఎడింబరో పోవు టపాబండి మొఫెట్ అను ఊరుదాటి కొండదారిని మంచులో చిక్కుపడెను. గార్డు జేమ్సు మెక్‌జార్జి, బండివాడు జాన్ గుడ్‌ఫెలో. వీరిద్దఱును వెనుకకు మరలవచ్చును. ఆ తుపానులో వారినెవ్వరును తప్పుపట్టియుండరు. అట్లు చేయక, సంచులు భుజమున వేసికొని కొండపైకి నడచిరి. కొన్ని దినములకు గాని వారి శవములు దొరకలేదు. సంచులు మాత్రము మంచులో దారి తెలియుటకై నాటిన యొక గుంజకు భద్రముగా కట్టబడియుండెను. ప్రాణము పోవునని తెలిసిన పిమ్మట, వ్రేళ్లు కొయ్యబాఱుచుండగా, ఆ ముడిని వేసియుందురు. ఆ సంచులలో నేమున్నది? బాకీల జాబులు, పెండ్లిమాటలు, క్షేమసమాచారములు. వానిలో ఒక్కటియు ఆ యిద్దఱిని గూర్చినది గాదు.

సర్కారువారి బంగీ టపా ఇంగ్లండులో 1883 ఆగష్టు 1వ తేదీని గాని మొదలు కాలేదు. రైళ్లమీద పోవు బంగీల రుసుములో నూటికి 55 వంతులు రైలు కంపెనీలకు ముట్టజెప్పవలెనని ఒప్పందము. మోయువానికంటె దారికే యెక్కువ కూలి! ఆ భారము పడలేక టపావారు 1887లో లండనునుండి బ్రైటనుకు మరల గుఱ్ఱపుబండి వేసిరి. దీనిని గూర్చి యింతకంటె చెప్పనక్కఱలేదు.

ఇక అమెరికా. సియెరా నెవాడా యను కొండలు కాలిఫోర్నియాకు తూర్పున గోడవలె నున్నవి. శీతకాలమున ఆ గోడకు గవిని లేదు. ఆవలి లోయలోని కాపులకు నెలలకొలది ఉత్తరము లేదు, మందు లేదు. 1856 జనవరిలో జాన్ థాంసను అనునతడు ఈ టపా నేను మోయుదునని ముందుకు వచ్చెను. అతడు 1827లో నార్వే దేశమున పుట్టి, పదియేండ్లప్పుడు అమెరికా వచ్చినవాడు. నార్వేలో మంచుపై జాఱుటకు పొడవైన చెక్కపలకలను పాదములకు కట్టుకొందురు. చిన్ననాటి జ్ఞాపకమును బట్టి అట్టి పలకలను పదియడుగుల పొడవున తానే చెక్కుకొనెను. చూచినవారు మొదట నవ్విరి. ప్లేసర్‌విల్లు నుండి జెనోవా అను పల్లెకు 90 మైళ్లు. ఏడువేల యడుగులకు పైబడిన కనుమలు. పోవుటకు మూడు దినములు, మరలుటకు రెండు దినములు. వీపున అరువది మొదలు నూఱు పౌనుల బరువు. కంబళి లేదు, తుపాకి లేదు; ఎండుమాంసము, బిస్కత్తులు మాత్రము. దారి నడువరాని గాలివాన వచ్చినచో బల్లపఱుపు బండమీద నిలిచి, ఒడలు గడ్డకట్టకుండుటకై తెల్లవార్లు తన దేశపు నృత్యము చేసెడివాడట. అర్ధరాత్రి, కొండకొమ్మున, చూచువాడొక్కడును లేక, వీపున ఊరివారి ఉత్తరములతో!

ఆ సంవత్సరము డిసెంబరులో అతడు కొండలోయలో నొక గుడిసెకు పోగా లోపల సిసను అనువాడు కాళ్లు మంచుకు గడ్డకట్టి పన్నెండు దినములుగా పడియుండెను. తన కాళ్లు తానే గొడ్డలితో నఱకుకొనుటకు సిద్ధమై యుండెనట. థాంసను జెనోవా పోయి మనుష్యులను పిలుచుకొని వచ్చి, వానిని బల్లబండిపై ఊరు చేర్చెను. కాళ్లు తీయవలెనన్న మత్తుమందు కావలెను. అది ఆ ఊరిలో లేదు. థాంసను విశ్రమింపక మరల కొండలు దాటిపోయి ఆ మందు తెచ్చి యిచ్చెను. సిసను బ్రదికెను. బంగీ యనగా అది! నా గాజులపెట్టెను నేను దానిప్రక్కన నిలిపి చూచుకొంటిని.

ఇట్లు ఇరువది శీతకాలములు మోసినందుకు సర్కారు అతనికేమి యిచ్చినదో వినుడు. ఏమియు నీయలేదు. అతనితో వ్రాతమూలమైన గట్టి యొప్పందము లేకపోయెను. మాటమీద మోసినాడు. 1869లో నెవాడా రాష్ట్రపు శాసనసభవారు ఆరువేల డాలరు లిప్పింపుడని కాంగ్రెసునకు వ్రాసిరి. 1872లో థాంసను తానే వాషింగ్టనునకు బయలుదేఱెను. అప్పటికి రైలు వచ్చి మూడేండ్లాయెను. వయోమింగు ప్రాంతమున ఆ రైలు మంచులో కూరుకొనిపోయినది. ప్రయాణికులందఱు గణగణలాడుచు కూర్చుండియుండగా, ఇతడు దిగి మంచులో కాలినడకను షయేను పట్టణము చేరి, అచ్చట వేఱొక రైలెక్కిపోయెను. రాజధానిలో పెద్దలు మర్యాదచేసిరి, సొమ్ము మాత్రము మంజూరు చేయలేదు. 1876 మే నెలలో నలువదితొమ్మిదేండ్ల వయస్సున అతడు చనిపోయెను. జెనోవాలో సమాధి యున్నది.

అమెరికా సర్కారువారి బంగీ టపా 1913 జనవరి 1వ తేదీని మొదలయ్యెను. మొదట 11 పౌనుల వఱకే. ఆ నెలలోనే ఒహాయో రాష్ట్రమున ఒక జంట తమ చంటిబిడ్డను కొలది సెంట్ల రుసుముతో ఆ టపాలో మైలు దూరముననున్న అవ్వగారింటికి పంపిరి. మా ఇంటామెకు ఇది చదివి వినిపింపగా చాలదినములకు నవ్వినది. పిమ్మట, “ఆ బిడ్డ ఏ రోజుకు చేరిందో కనుక్కోండి” అన్నది. ఆనాడే చేరినదని చెప్పితిని.

మా పెట్టె జనవరి 4వ తేదీని చేరినది. అప్పటికి మంచు కరగి వీధులు బురదయై యుండెనట. పెట్టె తెచ్చినవాడు నడివయస్కుడు, చెవులకు పట్టీలు. ఆలస్యమునకు మన్నింపుమనెనట. అమ్మాయి లోపలికి పిలిచి కాఫీ యిచ్చి, పెట్టె వానియెదుటనే విప్పి రెండు సున్నుండలు చేతిలో పెట్టినది. తుపాను మూడు దినములు గిడ్డంగిలోనే చిక్కుకొని, అట్టపెట్టెలపై పండుకొంటినని అతడు చెప్పెనట. మా పెట్టెమీద పండుకొన్నాడేమో, మూడు గాజులు చిట్లినవి. తక్కినవి ఆదివారమునాడు స్నేహితురాండ్రు తొడిగిరి. మార్చి నెలలో మనుమరాలు పుట్టినది.

గుమాస్తా కుఱ్ఱవానికి ఈ సంగతి చెప్పుటకు దుకాణమునకు పోతిని, అరిసెల పొట్లము తీసికొనియే పోతిని. అతడు నన్ను చూచి లేచి నిలుచుండి, “మళ్ళీ ఏమైంది మాస్టారూ?” అని భయపడెను.