బట్టల కొట్టు మీది గదిలో పన్నెండుగురు

సంఘ పెద్దలు కూడిన చోటనెల్ల ఒక మాట వినబడుచుండును: "మన పడుచువాండ్రు ప్రార్థనకు రారు, పిలిచినను నిలువరు." ఈ మాట ఏ దేశమునకును క్రొత్త కాదు. అయితే ఆ పడుచువాని పని ఏ గంటకు ముగియును, వాడు ఎక్కడ పండుకొనును, నలుగురితో కూర్చుండుటకు వానికొక చోటు కలదా అని విచారించువారు అరుదు. ప్రియ చదువరులారా, ఈ విచారణ ఒకప్పుడు లండను పట్టణములో పడుచువాండ్రే చేసికొనిరి. ఆ చరిత్రను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

జార్జి విలియమ్సు 1821 లో ఇంగ్లాండు దేశపు సోమర్‌సెట్టు సీమలో ఒక రైతు ఇంట పుట్టెను. చిన్నతనమున గడ్డిబండి తోలుచు దానిని గుంటలో బోల్తా కొట్టించెననియు, వీడు సేద్యమునకు పనికిరాడని తలంచి ఇంటివారు బ్రిడ్జివాటరు అను ఊరిలోని బట్టల కొట్టులో పనికి పెట్టిరనియు చెప్పుదురు. బండి బోల్తా కొట్టని రైతుబిడ్డ ఏ ఊరిలో నున్నాడు గనుక! ఆ ఊరనే అతడు ప్రభువును ఎరిగెను. 1841 లో లండను చేరి, సెయింట్ పాల్సు మహాదేవాలయపు ప్రక్కనే యున్న హిచ్‌కాక్ అండ్ రోజర్సు అను పెద్ద బట్టల కొట్టులో గుమాస్తాగా కుదిరెను.

ఆ కొట్టులో సుమారు 140 మంది పని చేయుచుండిరి. దినమునకు పన్నెండు, పదునాలుగు గంటలు, వారమునకు ఆరు దినములు, నిలువుకాళ్లమీద నిలిచి బేరము చేయవలెను. రాత్రి ఆ కొట్టు మీది గదులలోనే ఇరుకుగా పండుకొనవలెను. ఇల్లు దూరము, మంచిచెడ్డలు చెప్పువారు లేరు. పని ముగిసిన వేళకు వారికొరకు తలుపులు తెరచియుండునవి సారాయి దుకాణములును అంతకంటె చెడ్డ చోట్లును. పల్లెలనుండి వచ్చిన బిడ్డలు వేలకొలదిగా ఆ పట్టణములో ఇట్లు నలిగిరి. నేడు హైదరాబాదునకో బెంగుళూరునకో వెళ్లి, ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకొని బ్రదుకుచున్న పిల్లల తలిదండ్రులకు దీనిని విప్పి చెప్ప నక్కరలేదు.

విలియమ్సు ఎవరికిని అర్జీ పెట్టలేదు. తన పడకగదిలోనే ఇద్దరు ముగ్గురితో మోకరించెను. వారిని ఎగతాళి చేయువాడొకడు ఆ కొట్టులో నుండెను. వానికి ఆల్చిప్పల మాంసమనిన మిక్కిలి ప్రీతియని తెలిసికొని, వీరు విందు చేసి వానిని పిలిచిరట. విందులో ప్రసంగము చేయలేదట. వాడు పిమ్మట ప్రార్థన కూటమునకు తానే వచ్చెను. బోధకు ముందు భోజనమను ఈ పద్ధతి మన పల్లె సంఘములకు తెలియనిది కాదు.

1844 జూన్ 6వ తేదిన ఆ గదిలో పన్నెండుగురు కూడి "యౌవనస్థుల క్రైస్తవ సంఘము" అను పేర ఒక సంఘము ఏర్పరచుకొనిరి. మనము వై.ఎం.సి.ఎ. అని పిలుచునది ఇదియే. వారు ఆంగ్లికను, కాంగ్రిగేషనలు, బాప్టిస్టు, మెథడిస్టు సభలకు చెందినవారు. పెద్దలు ఆ సభల భేదములను గూర్చి వాదించుకొనుచున్న ఆ దినములలో, పిల్లలు ఒక మంచముచుట్టు మోకరించిరి. అప్పటికి విలియమ్సునకు 22 ఏండ్లు.

ఇక్కడ కొట్టు యజమానియైన జార్జి హిచ్‌కాక్‌ను గూర్చి చెప్పవలెను. ఆయనకు రావలసిన మెప్పు రాలేదని మా అభిప్రాయము. తన గుమాస్తాల ప్రార్థనలవలన ఆయన మనస్సు మారెను. అయినను వారి పనిని తన చేతిలోనికి లాగుకొనలేదు. కోశాధికారిగా నుండి డబ్బు లెక్క చూచెను. దుకాణములు పెందలకడ మూయవలెనను ఉద్యమమునకు, అనగా ఆ పడుచువాండ్రకు ఒక సాయంకాలము దక్కించు పనికి, తోడుపడెను. "మీరు రండి" అనుట సులభము. వచ్చుటకు వేళ ఇచ్చుట కష్టము, అది యజమానికి ఖర్చుతో కూడినది. ఐక్యరాజ్యసమితి 1985 ను అంతర్జాతీయ యువజన సంవత్సరముగా జరిపి, భాగస్వామ్యము, అభివృద్ధి, శాంతి అను మూడు మాటలను ధ్యేయముగా ఉంచెను. అందులోని మొదటి మాట ఆ కొట్టు మీది గదిలో 141 సంవత్సరములు ముందే ఆచరణలో నుండెను.

1851 నాటికి బ్రిటనులో 24 శాఖలు, సుమారు 2,700 మంది సభ్యులు ఏర్పడిరి. ఆ సంవత్సరమే సముద్రము దాటి మాంట్రియలు, బోస్టను పట్టణములలో వెలసెను. 1855 లో పారిసులో 99 మంది ప్రతినిధులు కూడిరి. ఆ కూటమునకై పాటుపడినవారిలో జెనీవా పట్టణస్థుడైన హెన్రీ డునాంటు ఒకడు, వయస్సు 27. నాలుగేండ్ల పిమ్మట సోల్ఫెరీనో యుద్ధభూమిలో గాయపడినవారిని చూచి రెడ్‌క్రాసునకు బీజము వేసినవాడు ఈయనే.

అన్నియు మంచివే జరిగినవని చెప్పరాదు. మొదట ఆడుపిల్లలను ఎవరును తలంపలేదు. 1855 లో ఇంగ్లాండులో స్త్రీలే తమ పనిని వేరుగా ఆరంభించుకొనిరి. అమెరికాలో నల్లవారిని తెల్లవారు తమతో కూర్చుండనియ్యలేదు. 1853 లో ఆంథొనీ బోవెను అను ఒకప్పటి దాసుడు వాషింగ్టనులో తన జనులకొరకు ప్రత్యేక శాఖను స్థాపించెను. ఆ వేర్పాటును తీసివేయవలెనని అక్కడి జాతీయ సభ తీర్మానించుటకు 1946 వరకు పట్టెను. ఒకే బల్లయొద్ద కూర్చుండుట ఎంత ఆలస్యమగునో మన ఊళ్లయందును ఎరుగుదుము.

మరియొక చిన్న సంగతి. సాయంకాలము బడి ఆవరణలో మన పిల్లలు ఆడు వాలీబాలు 1895 లో అమెరికాలోని వై.ఎం.సి.ఎ. వ్యాయామశిక్షకుడు విలియము మోర్గను కల్పించినదే. ఆట పాపమని తలంచు పెద్దలు దీనిని గమనింతురు గాక.

అదే 1895 లో తిరునల్వేలి సీమలోని ఒక పల్లెలో పుట్టిన వి. ఎస్. అజరయ్య అను యువకుడు దక్షిణ ఇండియాలో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిలో చేరెను. జాఫ్నాకు వెళ్లినప్పుడు అక్కడి తమిళ సంఘములు తమ సొంత మిషనెరీలను పంపుట చూచి ఆయన మనస్సు కలవరపడెను. తన సీమవారు పంపరేల? 1903 లో, 28 ఏండ్ల వయస్సున, స్నేహితులతో కలిసి తిరునల్వేలిలో ఇండియన్ మిషనెరీ సొసైటీని ఆరంభించెను. డబ్బు మనవారిది, మనుష్యులు మనవారు. వారు ఎన్నుకొనిన పొలము నైజాము రాజ్యములోని దోర్నకల్లు. ఆ పొలమునకు ఇతరులను పంపి తాను ఊరకుండలేక, 1909 లో అజరయ్య తన ఉద్యోగము వదలి తానే వచ్చెను. తమిళుడైన ఆయన నడివయస్సున తెలుగు అక్షరములు మొదటినుండి నేర్చుకొనెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందునప్పటికి ఆయనకు 38 ఏండ్లు. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషప్పగుట అదియే మొదలు. ఆయన 1945 జనవరి 1న దోర్నకల్లులోనే ప్రభువునందు నిద్రించెను. సమాధియు తెలుగు నేలలోనే కలదు.