పట్టుపురుగుకు తెగులు – పైరుకు మందు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములలో క్యాబేజీ ఆకున చిల్లి కనబడినచో కొనువారు పెదవి విరుతురు. ఆ చిల్లికి వెఱచియే రైతు విషము చల్లును. దానికి మాఱుమందు పట్టుపురుగుల చావునుండి పుట్టినది.

1901లో జపానునందు ఇషివాటా పట్టుపురుగులను హఠాత్తుగా కూల్చు సూక్ష్మజీవిని కనుగొనెను. జర్మనీలో బెర్లినర్ ఆ జాతిదానినే పిండిపురుగునందు చూచి, తురింగియా సీమ పేర 1915లో ‘బాసిల్లస్ తురింజియెన్సిస్’ అని నామకరణము చేసెను.

దీనిని తిన్న గొంగళిపురుగు వెంటనే చావదు. ముందు మేత మానును. క్షారగుణముగల దాని పేగులలో ఈ జీవి స్ఫటికము కరిగి పేగుగోడకు చిల్లులు పడును. ఆకును తూట్లు పొడిచినదానికి తగిన శాస్తియే!

హైదరాబాదు రాజేంద్రనగరులోని నూనెగింజల పరిశోధనాలయమువారు ఆముదపు దాసరిపురుగునకై ‘డి.ఓ.ఆర్. బీటీ-1’ను సిద్ధపఱచిరి. ఎండకు దీని బలము తగ్గును గనుక సాయంకాలమున చల్లుదురు. మల్బరీతోట దాపున మాత్రము చల్లరాదు. అచ్చట ఇది నేటికిని తెగులే.