వాడిన రూటర్ల విపణి
వేర్వేరు నెట్‌వర్కుల మధ్య డేటా ప్యాకెట్లకు, అంటే ముక్కలుగా విడదీసిన సమాచారానికి, దారి నిర్ణయించే యంత్రమే రూటరు. దీన్ని వాణిజ్య సరుకుగా నిలబెట్టిన సంస్థల్లో ముఖ్యమైనది 1984లో కాలిఫోర్నియాలో పుట్టిన సిస్కో. ఇంటర్నెట్ కంపెనీల షేర్లను అతిగా పెంచిన డాట్‌కామ్ బుడగ పగిలి ఎన్నో కంపెనీలు మూతపడినప్పుడు వాటి యంత్రాలు చవక ధరలకు బయటికొచ్చి, పాత సరుకు వ్యాపారానికి ఊపునిచ్చాయి. ఆ పతనకాలంలోనే, 2001లో, సిస్కో తన గిడ్డంగుల్లో మిగిలిన సరుకుపై 200 కోట్ల డాలర్లకు మించిన నష్టాన్ని లెక్కల్లో చూపవలసి వచ్చింది.

ఈ విపణిలో ధరను యంత్రపు అరుగుదల కంటే తయారీదారు ప్రకటించే గడువే ఎక్కువగా శాసిస్తుంది. సిస్కో విషయంలో అమ్మకం ఆపిన తరువాత సాధారణంగా ఐదేళ్లకు మద్దతు ముగుస్తుంది, భద్రతా లోపాలను సరిదిద్దే సాఫ్ట్‌వేర్ సవరణలు అంతకన్నా ముందే ఆగిపోవచ్చు. అందువల్ల ఇంకా చక్కగా పనిచేస్తున్న యంత్రం సైతం విలువ కోల్పోతుంది. ఆ పతనం విద్యార్థులకు నిజమైన మేలు చేసింది: 1990ల నాటి సిస్కో 2500 శ్రేణి రూటర్లు కార్యాలయాలను వదిలి, సర్టిఫికేషన్ పరీక్షలకు సిద్ధమయ్యేవారి ఇళ్లకు చేరాయి.

అయితే అమ్మేవారి అజాగ్రత్త క్షమించదగినది కాదు. 2023లో సైబర్ భద్రతా సంస్థ ఈసెట్ పరిశోధకులు పరిశీలించిన 16 వాడిన రూటర్లలో 9 యంత్రాలు పాత యజమానుల నెట్‌వర్కు అమరికలను చెరపకుండానే చేతులు మారాయి.