జేబులో చెయ్యి ఎవరికి పెడతారు? (చట్టం – రంగు – కులం: 6వ భాగం)

చట్టం అందరికీ ఒకటే అంటారు. కాగితం మీద ఒకటే. ఎవరి జేబు వెతుకుతారన్న దగ్గరే తేడా అంతా.

న్యూయార్క్ రాష్ట్రం 1977లోనే కొద్దిపాటి గంజాయికి జైలు తీసేసింది. 25 గ్రాముల లోపు దొరికితే మొదటిసారి 100 డాలర్ల లోపు జరిమానా, అంతే. కానీ ఒక మెలిక పెట్టింది: బయట నలుగురికీ కనబడేలా ఉంటే మాత్రం నేరమే. పోలీసు కుర్రాణ్ణి ఆపి "జేబులో ఉన్నది బయటికి తియ్" అంటాడు. తీయగానే నలుగురికీ కనబడినట్టే కదా! అరెస్టు.

2011 ఒక్క ఏడాదే నగరంలో ఇలాంటి అరెస్టులు సుమారు 50 వేలు. అత్యధికులు నల్లవాళ్ళు, లాటినోలు. మరి తెల్లవాళ్ళు తాగరా? 2013లో అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ దేశం మొత్తం లెక్కలు తీసింది. వాడకం ఇద్దరిలో ఇంచుమించు సమానం. అరెస్టయ్యే అవకాశం నల్లవాళ్ళకి 3.73 రెట్లు.

అక్కడ జిల్లా ప్రాసిక్యూటర్‌ని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. 2013లో బ్రూక్లిన్ జనం కెన్నెత్ థాంప్సన్‌ని గెలిపించారు. ఆ పదవిలో తొలి నల్లజాతి మనిషి. ఆయన తల్లి పోలీసు ఉద్యోగి.

2014 జులై 8న ఆయన ప్రకటించాడు: పాత నేరాలు లేనివాళ్ళ మీద, కొద్దిపాటి గంజాయి కేసులు ఇక నడపను. అమ్మేవాళ్ళకీ, పిల్లల దగ్గర తాగేవాళ్ళకీ మినహాయింపు లేదు. ఆయన లెక్క సూటిగా ఉంది. 2013లో తన ఆఫీసుకి ఇలాంటి కేసులు 8,500కి పైగా వచ్చాయి. మూడింట రెండొంతులు చివరికి కొట్టేసినవే. మరి ఈలోపు వేలిముద్రలు, లాకప్పు, పోయిన ఉద్యోగం? అవి ఎవరు కొట్టేస్తారు?

మా అరెస్టులు ఆగవని పోలీసు శాఖ అంది. ప్రాసిక్యూటర్ ఒక్కడు పోలీసు చేతిని ఆపలేడు. అయినా నాలుగు నెలల్లో నగరమే అరెస్టుకు బదులు జరిమానా చీటీలకు దిగొచ్చింది. థాంప్సన్ 2016లో క్యాన్సర్‌తో పోయాడు. అప్పటికి ఆయన వయసు 50. 2021 మార్చి 31న రాష్ట్రం గంజాయిని చట్టబద్ధం చేసింది. వచ్చే పన్నులో 40 శాతం ఆ అరెస్టులతో నలిగిన వాడలకే అంది. తొలి దుకాణాల లైసెన్సులు గంజాయి కేసుల్లో శిక్షపడినవాళ్ళకీ, వాళ్ళ కుటుంబాలకీ కేటాయించింది. తప్పు చట్టాన్ని రద్దు చేస్తే సరిపోదు, దానివల్ల నష్టపోయినవాళ్ళకి బాకీ తీర్చాలి. మనం రిజర్వేషన్ల గురించి చెప్పే మాటే ఇది.

ఇప్పుడు ఇటు చూడండి. మన పీపీని ప్రభుత్వం నియమిస్తుంది, మనం ఎన్నుకోం. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉత్త ఆకు గంజాయి కాదు, అందుకే పండగ భాంగ్‌కి కేసు లేదు. పూత మోస్తే కేసు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళు, బెయిలు గగనం. పాడేరు, చింతపల్లి కొండల్లో ఆ మూట మోసేది ఎవరు? కూలికి వెళ్ళిన ఆదివాసీ కుర్రాడు. పెట్టుబడి పెట్టినవాడు ఏ ఊళ్ళో ఉంటాడో అందరికీ తెలుసు.

కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకునే అధికారం మన పీపీకీ ఉంది. పాత సీఆర్‌పీసీలో 321వ సెక్షన్. నాయకుల కేసులప్పుడు అది గుర్తొస్తుంది. మూట మోసిన కుర్రాడి దగ్గర ఎందుకు గుర్తురాదు?

అడగాల్సింది మనమే. జై భీమ్.