సీసా వెనుక పదిహేనేళ్ళు

మొన్న మన సంఘ సమావేశం ముగిసి అందరం కాఫీలు తాగుతున్న వేళ, కొట్టు పెట్టుకొని ఆరేళ్ళయిన మిత్రులొకరు "మా ఎదుగుదల ఏముందండీ, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే" అన్నారు. కొట్టు మూసి మళ్ళీ ఉద్యోగానికి పోదామా అని భార్యాభర్తలిద్దరూ తర్జనభర్జన పడుతున్నారట. ఆ బాధ మాకు కొత్త కాదు. 1984లో మేమిద్దరం కూడా ఒక చిన్న పచారీ కొట్టు తెరిచినవాళ్ళమే. అయినా అప్పటికప్పుడు వారికి సరియైన జవాబు చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చి, తలనొప్పికి అమృతాంజనం సీసా మూత తీసినప్పుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తుకు వచ్చారు.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో ఆ సీసా పెట్టుకోనివారు మనలో అరుదు. అది కూడా మనలాగే ఇల్లు విడిచి వెళ్ళిన తెలుగువాడి చేతిలో, పరాయి ఊళ్ళో పుట్టిందని మాత్రం ఎక్కువమందికి గుర్తుండదు. పంతులుగారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. మద్రాసులో చదివి, కలకత్తాలో కొంతకాలం ఉండి, బొంబాయి చేరి, 1893లో అక్కడ అమృతాంజనం మొదలుపెట్టారు. ఆనాటి బొంబాయిలో తెలుగువాళ్ళంటే ఎక్కువగా రెక్కల కష్టం మీద బ్రతికేవారు. కామాటిపురా అన్న పేరు నిజాం రాజ్యం నుంచి వెళ్ళిన కామాటీల వల్ల వచ్చిందే. అటువంటి చోట ఎవరూ పేరు వినని మందును అమ్మడం ఎంత కష్టమో కొట్టు నడిపినవారికి వేరే చెప్పనక్కరలేదు. సంగీత సభలలో ఆయన దానిని ఊరికే పంచిపెట్టేవారని ప్రసిద్ధి. చిట్టాలో అది ఖర్చు పద్దే. ఆ రాత్రి లెక్క చూసుకుంటే నష్టమే కనిపిస్తుంది!

పంతులుగారి కథ చెప్పేవాళ్ళందరూ (ఒక ఉగాది సభలో మేమూ అలాగే చెప్పాము) ఇక్కడినుంచి ఒక్క గంతులో 1908కి వెళ్ళిపోతారు. ఆ యేడు ఆయన బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. అంతకుముందు యేడు సూరత్ కాంగ్రెసు జరిగింది. తెలుగువారికి స్వంత పత్రిక ఒకటి ఉండాలన్న పట్టుదల ఆయనకు అక్కడే గట్టిపడిందంటారు. అది 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది ఆయన ఇంట్లోనే. విశ్వదాత అన్నారు జనం. 1938లో కన్నుమూశారు.

అందరూ దాటిపోయే ఆ పదిహేనేళ్ళ మీదనే మా మనసు నిలిచింది. 1893కీ 1908కీ మధ్య చెప్పుకోదగిన ఘట్టం ఒక్కటీ మన నోట రాదు. వచ్చే సరుకు, పోయే సరుకు, వసూలయ్యేవి, కానివి, అంతే. కాని 1893లో తన కాళ్ళ మీద తాను నిలబడవలసిన వ్యాపారం 1908 నాటికి ఒక పత్రికను భుజాన ఎత్తుకోగలిగింది. ఆ బలం రాత్రికి రాత్రి వచ్చింది కాదు గదా. ఏ నెలాఖరు లెక్కలోనూ "నేడు బలం వచ్చింది" అన్న పద్దు ఉండదు.

పంతులుగారితో మనలను పోల్చుకోవడం సాహసమే. అప్పులు పెరిగిపోతున్న కొట్టును ఆయన పేరు చెప్పి నిలబెట్టమనడం కూడా మా ఉద్దేశం కాదు. మూయవలసిన కొట్లు ఉంటాయి. అయితే మూసేముందు చూడవలసిన లెక్కే చూస్తున్నామా అన్న అనుమానం మాత్రం మాకు పట్టుకుంది. అటక మీదినుంచి మా పాత పుస్తకాలు దించాము.

1984 పుస్తకం నిండా బాకీలే. సరుకు ఇచ్చినాయనకు మూడు నెలలపాటు వాయిదాలు చెప్పాము. పప్పు పొట్లాలు కట్టేందుకు పిల్లలు కూడా బడినుంచి వచ్చి కూర్చునేవారు. 1987 కూడా మాకు ఎదుగూ బొదుగూ లేని యేడుగానే గుర్తుంది. లాభం వరుస చూస్తే నిజమే, రెండేళ్ళుగా కదలలేదు. కాని ఏప్రిల్ పుటలో అడుగున మా ఆవిడ దస్తూరీలో ఒక పద్దు ఉంది: "ఉగాది భోజనాలకు బియ్యం రెండు బస్తాలు. డబ్బు తీసుకోలేదు." 1984లో గుప్పెడు బియ్యం ఊరికే ఇవ్వగలిగేవాళ్ళం కాము. ఇచ్చిననాడు మేమిద్దరం దానిని గురించి ఒక్క మాటైనా అనుకోలేదు. ఖర్చు వరుసలో వేసి పుట తిప్పేశాము.

ఆదివారం ఆ పుస్తకం తీసుకొని మిత్రుల ఇంటికి వెళ్ళాము. ఆయన ఆ పుట చదివి ఏమీ అనలేదు. ఆవిడ మాత్రం తమ మొదటి యేటి చిట్టా ఎక్కడ పెట్టామా అంటూ లోపలికి వెళ్ళి, పెట్టెలు జరిపి వెతకసాగారు.