బుస్సుమని పోయిన గ్యాసు

1980లో నేను గుంటూరు జిల్లాలో ఒక ఐ.టి.ఐ.లో చేరాను. ట్రేడు రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ మెకానిక్. ఇంజనీరింగు సీటు రాలేదు. "చేతిలో పనుంటే ఎక్కడైనా బతుకుతావురా" అన్నారు నాన్న. ఆ మాటే నన్ను హ్యూస్టన్ దాకా తీసుకొచ్చింది.

పాడైన ఫ్రిజ్ వస్తే మాకు నేర్పిన మొదటి పని అందులోని గ్యాసు వదిలెయ్యడం. ట్యూబు కత్తిరించగానే బుస్సుమనేది. ఎండాకాలమైతే ఆ చల్లగాలి కోసం చుట్టూ మూగేవాళ్ళం. "ఏం భయంలేదురా, విషం కాదు, గాలిలో కలిసిపోతుంది" అనేవారు మా మేష్టారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. తొలినాళ్ళ ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి వాడేవారు. అవి లీకై ఇళ్ళలో మనుషులు చచ్చిపోయారు. ఆ బాధ తప్పించడానికే 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం ఫ్రియాన్‌ని కనిపెట్టింది. 1930లో మిడ్జ్‌లీ నిండు సభలో ఆ గ్యాసు పీల్చి, కొవ్వొత్తి మీదకి ఊది ఆర్పి చూపించాడు. విషమూ లేదు, మంటా లేదు.

దేనితోనూ కలవని ఆ మంచితనమే చివరికి ముప్పు తెచ్చింది. 1974లో మేరియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ 'నేచర్' పత్రికలో ఆ సంగతి రాశారు. కింద చెక్కుచెదరని ఈ గ్యాసు పైపైకి చేరి, అక్కడి అతినీలలోహిత కిరణాలకి విరిగి, క్లోరిన్‌ని వదులుతుంది. ఒక్కో క్లోరిన్ పరమాణువు వేలకొద్దీ ఓజోన్ అణువుల్ని నాశనం చేస్తుంది. నేను ఐ.టి.ఐ.లో చేరేనాటికి ఈ వ్యాసం వచ్చి ఆరేళ్ళు. మా తరగతి గదికి మాత్రం చేరలేదు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ చిల్లు బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

1988లో అక్క స్పాన్సర్ చేస్తే ఇక్కడికి వచ్చాను. ఏసీ కంపెనీలో హెల్పరు పని. ఇక్కడా అదే బుస్సు! 1992 జులై 1 నుంచి గ్యాసు గాలిలోకి వదలడం నేరమన్నారు. 1994 నవంబరు 14 నుంచి పరీక్ష పాసై కార్డు తెచ్చుకోనివాడు ఆ పని చెయ్యకూడదు, గ్యాసు సిలిండరూ కొనకూడదు. మావాళ్ళు గొణుక్కున్నారు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనికి ఇప్పుడు పరీక్షేమిటి అని. నేను రాత్రిపూట క్లాసుకి వెళ్ళాను. పరీక్షలో మొదటి పాతిక ప్రశ్నలు కంప్రెసర్ గురించి కాదు. ఓజోన్ గురించి, చట్టం గురించి, మాంట్రియల్ గురించి. ఆ రాత్రి చదువుతుంటే మా మేష్టారు, ఆ చల్లగాలి గుర్తొచ్చి తలెత్తుకోలేకపోయాను.

పర్యావరణం మీద ఉపన్యాసం ఇచ్చి పంపేస్తే మేమెవరం మారేవాళ్ళం కాదు. ఆ చదువు పనిలోనే కలిసి వచ్చింది. గ్యాసు వెనక్కి లాగే మిషను, బూడిదరంగు ఒంటికి పసుపు నెత్తి ఉన్న సిలిండరు, దాన్ని ఎనభై శాతం మించి నింపకూడదనే లెక్క, కార్డు చూపందే సరుకివ్వని కొట్టువాడు. వీటన్నిటితో ఏడాది తిరిగేసరికి చేతులకి అలవాటైపోయింది.

మన దేశం 1992లో ఆ ఒప్పందంలో చేరింది. 2008లో సి.ఎఫ్.సి.ల తయారీ ఆపేసింది. 2019 నాటి జాతీయ శీతలీకరణ ప్రణాళికలో లక్షమంది మెకానిక్కులకి శిక్షణ ఇవ్వాలని రాసుకుంది. కిందటిసారి ఊరెళ్ళినప్పుడు ఏసీ మెకానిక్కైన మా అన్నయ్య కొడుకుతో ఒక ఇంటికి వెళ్ళాను. పాత ఏసీ. వాడు నట్టు వదులు చేశాడు. బుస్సు!

"ఓజోన్ గురించి చెప్పలేదుట్రా మీకు?" అన్నాను.

"ఎందుకు చెప్పలేదు బాబాయ్, పరీక్షలో రాశాను కూడా. మిషను పెట్టి లాగితే అరగంట పడుతుంది. ఆ అరగంటకి డబ్బులెవరిస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఇక్కడ మేమూ పుణ్యానికి చెయ్యలేదు. మా యజమాని ఆ అరగంటని బిల్లులో వేశాడు, ఇంటివాళ్ళు కట్టారు. పాఠం పుస్తకంలోకి ఎక్కితే చాలదు, బిల్లులోకి కూడా ఎక్కాలి. మెకానిక్కుని తప్పుపట్టే ముందు, ఆ అరగంట కూలి ఇవ్వడానికి మనం సిద్ధమా అని అడుగుకోవాలి.

ఫ్రిజ్‌లలోని ఆ పాత గ్యాసు ఆయుష్షు సుమారు వందేళ్ళు. అంటే ఆ ఐ.టి.ఐ. షెడ్డులో నేను వదిలినదాంట్లో సగానికి పైగా ఇంకా ఆకాశంలోనే ఉంది. అంటార్కిటికా మీద ఓజోన్ పొర 2066 ప్రాంతానికి 1980 నాటి స్థాయికి వస్తుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల అంచనా. సరిగ్గా నేను ట్యూబు కత్తిరించడం నేర్చుకున్న ఏడాది నాటి స్థాయికి! అది చూడటానికి నేనుండను. మావాడి దగ్గర ఇప్పుడు పని నేర్చుకుంటున్న కుర్రాడు ఉంటాడు.